ఆవేలో తాకట్టు పెట్టిన ఈథర్ వెనక్కి తీయాలి, లిక్విడేట్ అవకుండా ఎలా?

లంకెబిందె_88

అందరికీ నమస్తే. ఆర్బిట్రమ్ నెట్‌వర్క్‌లో ఆవే వీ3 అనే క్రిప్టో అప్పుల ప్లాట్‌ఫామ్ మీద 2 ఈథర్ సప్లై చేసి (అంటే తాకట్టు పెట్టి), దాని మీద 2400 యూఎస్‌డీసీ (ఒక్కోటి ఒక డాలర్ విలువ ఉండే టోకెన్) అప్పు తీసుకున్నాను. ఆ డబ్బు అప్పుడే రూపాయల్లోకి మార్చి వాడేశాను, కాబట్టి ఇప్పుడు కట్టడానికి చేతిలో యూఎస్‌డీసీ లేదు. లెక్క తేలిగ్గా ఉండటానికి ఈథర్ ధర 3000 డాలర్లు అనుకోండి. తాకట్టు ఎంత భద్రంగా ఉందో చెప్పే హెల్త్ ఫ్యాక్టర్ 2.07 చూపిస్తోంది, ఇన్నాళ్లూ దాని జోలికి పోలేదు.

ఇప్పుడు ఇంట్లో డబ్బు అవసరం వచ్చింది, ఒక ఈథర్ బయటికి తీయాలి. విత్‌డ్రా నొక్కి 1 అని టైప్ చేస్తే కుదరదు అనట్లేదు. హెల్త్ ఫ్యాక్టర్ 1.03కి పడిపోతుందని చూపించి, రిస్క్ నాకు తెలుసు అని టిక్ పెట్టమంటోంది, పెడితే బటన్ వెలుగుతోంది. యాప్ ఒప్పుకుంటోంది కదా, అంటే పర్వాలేదనేనా? ఇంకో డౌట్ ఏంటంటే, టిక్ పెట్టి ముందుకెళ్తే నా వాలెట్ మెటామాస్క్ ముందుగా అప్రూవ్ అడుగుతోంది. నా సొమ్ము నేను తీసుకోవడానికి మళ్లీ ఎవరికి అనుమతి ఇవ్వాలి? అక్కడ భయమేసి ఆపేశాను.

రీపే దగ్గర కొలేటరల్‌తో కట్టే ఆప్షన్ కూడా ఉంది, అది వాడొచ్చా? ఆఫీసులో ఒకతను మొత్తం తీసేయ్, ఈ డీఫై (బ్యాంకు లేకుండా నడిచే క్రిప్టో) మార్కెట్లలో ఒక్కోసారి డబ్బు ఇరుక్కుపోతుంది అంటున్నాడు. అదెంతవరకు నిజం? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి. వీడియోలు చూశాను గానీ అందరూ పెట్టడం గురించే చెప్తారు, తీయడం గురించి ఎవరూ చెప్పరు.

కొలిమి

ఆపేసి మంచి పని చేశావ్ బ్రో. యాప్ ఒప్పుకోవడానికీ నువ్వు నిశ్చింతగా పడుకోవడానికీ సంబంధం లేదు. ఆవే కాంట్రాక్ట్ (చెయిన్ మీద నడిచే ప్రోగ్రామ్) చూసేది విత్‌డ్రా అయ్యాక హెల్త్ ఫ్యాక్టర్ 1 కంటే కిందికి పోతుందా లేదా అని, అంతే. 1.03 అంటే 1 కంటే ఎక్కువే కాబట్టి దాని లెక్కలో అంతా బాగానే ఉంది, రేపు పొద్దున ఏమవుతుందన్నది దానికి అనవసరం.

లెక్క చూడు. తాకట్టు విలువని లిక్విడేషన్ థ్రెషోల్డ్‌తో గుణించి, అప్పుతో భాగిస్తే వచ్చేదే హెల్త్ ఫ్యాక్టర్. థ్రెషోల్డ్ అంటే అప్పు తాకట్టు విలువలో ఎంత శాతం దాటితే తాకట్టు అమ్మేస్తారో ఆ గీత, అది 83% అనుకుందాం. ఇది ఒక్కో చెయిన్‌లో ఒక్కోలా ఉంటుంది, గవర్నెన్స్ ఓటుతో మారుస్తుంటారు కూడా, కాబట్టి ఈథర్ రిజర్వ్ పేజీ తెరిచి నీది ఎంతో చూసుకో. 2 ఈథర్ అంటే 6000 డాలర్లు, అందులో 83% అంటే 4980, దాన్ని 2400తో భాగిస్తే 2.075. ఒక ఈథర్ తీసేస్తే 3000లో 83% 2490, భాగిస్తే 1.0375. ఇది ఏ ధర దగ్గర 1కి దిగుతుందంటే, 2400ని 0.83తో భాగించు, 2892 వస్తుంది. అంటే ఈథర్ 108 డాలర్లు తగ్గితే చాలు, 3.6 శాతం. ఈథర్‌కి అది ఒక మధ్యాహ్నం పని, అమెరికా వడ్డీ రేట్ల వార్త వచ్చిన రాత్రయితే అంతసేపు కూడా పట్టదు. పైగా అప్పు మీద వడ్డీ సెకను సెకనుకీ ఎక్కుతుంది, తాకట్టు మీద నీకొచ్చే వడ్డీ మామూలుగా అంతకంటే తక్కువే, కాబట్టి ధర కదలకుండా కూర్చున్నా ఆ అంకె మెల్లగా కిందికే జారుతుంది.

ఇక్కడ చాలామంది ఎల్‌టీవీని, థ్రెషోల్డ్‌ని ఒకటే అనుకుంటారు. కొత్తగా అప్పు తీసుకునేటప్పుడు నిన్ను ఆపేది ఎల్‌టీవీ, అంటే తాకట్టు విలువలో ఎంత శాతం దాకా అప్పు ఇస్తారన్నది, అది థ్రెషోల్డ్ కంటే ఓ రెండు మూడు శాతం తక్కువ పెడతారు, కాబట్టి పూర్తిగా లాగేసినా కొంచెం ఖాళీ మిగులుతుంది. విత్‌డ్రా దగ్గర ఆ ఖాళీ కూడా ఉండదు. మ్యాక్స్ నొక్కితే యాప్ నిన్ను అంచు మీద నిలబెట్టి వదిలేస్తుంది. అందుకే అప్పు ఉన్నంతసేపు విత్‌డ్రా దగ్గర మ్యాక్స్ అనే బటన్ లేదనుకో.

1 కిందికి పోతే ఏం జరుగుతుందో కూడా తెలుసుకో. బ్యాంకులో బంగారం తాకట్టు పెడితే వేలానికి ముందు నోటీసు వస్తుంది, పేపర్లో ప్రకటన వేస్తారు, ఈలోగా ఎవరినో అడిగి వడ్డీ అయినా కట్టొచ్చు. ఇక్కడ అలాంటిదేమీ ఉండదు, బాట్‌లు కాచుకుని ఉంటాయి, నిమిషాల్లోపే నీ అప్పులో సగం దాకా కట్టేసి అంత విలువైన ఈథర్, దాని మీద ఓ 5% బోనస్ పట్టుకుపోతాయి. 1200 కట్టి 1260 విలువ తీసుకుంటారన్నమాట. అంకె 0.95 కంటే కిందికి పోయిందంటే సగం కాదు, మొత్తం. ఇంకో సంగతి, ఆవే 3.3 అప్‌గ్రేడ్ వచ్చాక తాకట్టు గానీ అప్పు గానీ 2000 డాలర్ల లోపు ఉన్న పొజిషన్‌ని ఒక్క దెబ్బకే మొత్తం లిక్విడేట్ చేయొచ్చు. నాది చిన్న మొత్తమే కదా అనే ధీమా పనికిరాదు, చిన్నవాళ్లకే రూల్ గట్టిది.

నీ కేసులో ముందు అప్పు తగ్గించాలి, ఆ తర్వాతే ఇంటికోసం తీయడం. యూఎస్‌డీసీ లేదన్నావు కాబట్టి తాకట్టులోంచే విడతలుగా చెయ్యి. ముందు 0.5 తీయి. మిగిలిన 1.5కి లెక్కేస్తే హెల్త్ ఫ్యాక్టర్ 1.55 దగ్గర ఉంటుంది, లిక్విడేషన్ ధర 1928, అంటే ఈథర్ మూడో వంతుకు పైగా పడాలి, నువ్వు స్వాప్ చేసి కట్టే ఆ కాసేపట్లో అంత పడటం చాలా అరుదు. ఆ 0.5ని యూఎస్‌డీసీలోకి మారిస్తే 1500 దాకా వస్తుంది, అది కట్టేయ్, అప్పు 900 అవుతుంది, అంకె 4.15కి ఎక్కుతుంది. తర్వాత ఇంకో 0.3, స్వాప్ ఖర్చులకీ ధర తేడాకీ కలిపి 0.31 అనుకో, తీసి మార్చి మిగిలింది కట్టేయ్. అప్పు సున్నా, 1.2కి కాస్త తక్కువ ఈథర్ నీ చేతికి ఏ బంధనం లేకుండా వస్తుంది. నీకు కావాల్సింది 1 కదా. ఆర్బిట్రమ్‌లో గ్యాస్ (ట్రాన్సాక్షన్ ఫీజు) చిల్లర కిందే లెక్క, విడతలు ఎక్కువైనా బాధ లేదు.

ఒకటే షరతు. మొదటి విడత తీసిన 0.5ని ఇంటి అవసరానికి పంపేసి అప్పు సంగతి తర్వాత చూద్దాం అనుకోకు.

నైట్‌షిఫ్ట్_నాని

ఇంత తతంగం ఎందుకన్నా? కొలేటరల్‌తో కట్టే బటన్ పెట్టిందే దానికోసం కదా. 2400 అని కొట్టి ఒకసారి నొక్కితే తాకట్టులోంచే అప్పు తీరిపోతుంది, మిగిలింది విత్‌డ్రా. రెండు క్లిక్కులు.

చిల్లరకొట్టు

నాని చెప్పింది తప్పేమీ కాదు, ఆ బటన్ పనిచేస్తుంది, మధ్యలో హెల్త్ ఫ్యాక్టర్ తగ్గదు కూడా, అది దాని గొప్పతనం. వెనకాల జరిగేది ఫ్లాష్ లోన్‌తో (ఒకే ట్రాన్సాక్షన్‌లో తీసుకుని అందులోనే తిరిగి కట్టే అప్పుతో) నడిచే స్వాప్. ముందు అప్పు తీర్చడానికి సరిపడా డబ్బు సర్దుకుని, అప్పు కట్టి, దాంతో విడుదలైన ఈథర్‌తో ఆ సర్దుబాటు పూడుస్తుంది. వీ3లో ఫ్లాష్ లోన్ ఫీజు మామూలుగా 0.05%, 2400 మీద అది డాలరున్నర కూడా కాదు.

అసలు ఖర్చు ధర తేడాలో ఉంటుంది. స్వాప్ ఏ రేటుకు చేస్తుందో, ఎంత స్లిప్పేజీకి (చూపించిన రేటు కంటే తగ్గినా పర్వాలేదనే తేడాకి) నువ్వు ఒప్పుకుంటున్నావో ఆ స్క్రీన్‌లో కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది, జనం చూడరు. 2400 అప్పుకి ఎంత ఈథర్ తీసుకుంటానంటోందో చూసి, అదే ఈథర్‌ని మామూలు స్వాప్‌లో పెడితే ఎంత యూఎస్‌డీసీ వస్తుందో పక్క ట్యాబ్‌లో చూసుకో, తేడా ఒకటి రెండు డాలర్లలో ఉంటే నొక్కేయ్. మార్కెట్ ఊగుతున్న రోజు ఈ బటన్ ఫెయిల్ అయి వెనక్కి తిరగడం మామూలే, అప్పుడు విసుగొచ్చి స్లిప్పేజీ పెంచుకుంటూ పోవద్దు. అలా పెంచితే ఎవరో ఒకరు మధ్యలో దూరి ఆ తేడా తినేస్తారు.

హెల్త్ ఫ్యాక్టర్ ఇప్పటికే 1.1 దగ్గర ఉన్నవాడికి ఈ బటన్ ప్రాణాధారం, ఎందుకంటే వాడికి ముందు తీయడానికి ఏమీ మిగలదు. లంకెబిందె గారికి 2 ఉంది కాబట్టి విడతల పద్ధతే నయం అని నా అభిప్రాయం. ప్రతి అడుగులో ఏం జరిగిందో కళ్లకు కనిపిస్తుంది, స్వాప్ ఎక్కడ చేయాలో మీ ఇష్టం. ఓపిక లేదంటే బటన్.

వైజాగ్_వ్యాలిడేటర్

ఆఫీసులో అతను చెప్పిన ఇరుక్కుపోవడం గురించి ఎవరూ మాట్లాడలేదు. అది నిజమే, హెల్త్ ఫ్యాక్టర్ పదిహేను ఉన్నా జరగొచ్చు, అసలు అప్పే లేకపోయినా జరగొచ్చు.

ఆవేలో నువ్వు పెట్టిన ఈథర్ లాకర్‌లో ఉండదు, వేరేవాళ్లు దాన్ని అప్పుగా తీసుకుంటారు, నీకు వడ్డీ వచ్చేది అందుకే. పూల్‌లో ఉన్నదాంట్లో ఎంత అప్పు కింద బయట ఉందో చెప్పేది యుటిలైజేషన్. అది 100% అయితే పూల్‌లో ఇవ్వడానికి ఏమీ లేదు, ఎవరో కట్టేదాకా లేదా కొత్తగా ఎవరో పెట్టేదాకా నీ విత్‌డ్రా నడవదు. అలా కాకుండా ఉండటానికే ఒక గీత దాటాక అప్పు వడ్డీ నిటారుగా ఎక్కేలా పెట్టారు. ఆ వడ్డీ మంటకి అప్పు తీసుకున్నవాళ్లు కట్టేస్తారు, పెట్టేవాళ్లు ఎక్కువ వడ్డీకి ఆశపడి వస్తారు, మామూలుగా గంటల్లో సర్దుకుంటుంది. 2025 జూలైలో ఆవే నుంచి భారీగా ఈథర్ బయటికి వెళ్లినప్పుడు ఈథర్ అప్పు రేటు ఇలాగే ఎగిరింది. స్టేక్ చేసిన ఈథర్ (నెట్‌వర్క్ దగ్గర వడ్డీకి కట్టిపెట్టిన ఈథర్‌కి బదులుగా వచ్చే టోకెన్) పెట్టి మామూలు ఈథర్ అప్పు తీసుకుని, దాన్నీ మళ్లీ స్టేక్ చేసి లూప్‌లు వేసినవాళ్లంతా వడ్డీ గిట్టక బయటికి పరుగెత్తారు, ఈథీరియమ్‌లో స్టేక్ వెనక్కి తీసుకునేవాళ్ల ఎగ్జిట్ క్యూ కూడా బాగా పొడవైంది.

కానీ అప్పు తీసుకున్నవాడు కట్టే అవకాశమే లేనప్పుడు ఈ వడ్డీ మంత్రం పారదు. 2025 నవంబర్‌లో స్ట్రీమ్ ఫైనాన్స్ అనే డీఫై ప్రాజెక్ట్ వాళ్లు బయట ఫండ్ మేనేజర్ దగ్గర 93 మిలియన్ డాలర్లు పోయాయని ప్రకటించారు, వాళ్ల ఎక్స్‌యూఎస్‌డీ టోకెన్ కుప్పకూలింది. దాన్ని తాకట్టుగా తీసుకుని అప్పులిచ్చిన వాల్ట్‌లు (అందరి డబ్బూ కలిపి అప్పులిచ్చే ఖాతాలు) వేరే వేరే ప్లాట్‌ఫామ్‌ల మీద ఉన్నాయి, వాటిలో యూఎస్‌డీసీ పెట్టినవాళ్లు తీద్దామంటే తీయడానికి ఏమీ లేదు. కాగితం మీద వడ్డీ మాత్రం ఆకాశంలో కనిపించింది. అంత పెద్ద వడ్డీ కనిపిస్తే సంతోషపడకుండా యుటిలైజేషన్ చూడాలి, నేను ఎక్కడ డబ్బు పెట్టినా వడ్డీ కంటే ముందు ఆ అంకే చూస్తాను.

ఇంకో ముక్క, అన్ని మార్కెట్లూ ఒకలా ఉండవు. 2022లో వచ్చిన కాంపౌండ్ వీ3లో నువ్వు పెట్టిన తాకట్టుని ఎవరికీ అప్పివ్వరు, దాని మీద నీకు వడ్డీ రాదు, కానీ అప్పు తీర్చాక నీ తాకట్టు నీది, పూల్ ఖాళీ అనే మాట ఉండదు. మార్ఫోలో కూడా తాకట్టు సంగతి అంతే, అక్కడ ఇరుక్కునేది అప్పిచ్చిన వైపు. తాకట్టు మీద వచ్చే ఆ ఒకటీ రెండు శాతం వడ్డీ కోసం ఆవేలో మనం ఈ రిస్క్ తీసుకుంటున్నామని చాలామందికి తెలియదు.

నీకైతే ఆర్బిట్రమ్ ఈథర్ పూల్‌లో 2 ఈథర్ అంటే లెక్కలోకి రాదు, రిజర్వ్ పేజీలో అందుబాటులో ఉన్న లిక్విడిటీ ఒకసారి చూసి తీసెయ్. ఇంకా ఆర్బిట్రమ్ సీక్వెన్సర్ (ట్రాన్సాక్షన్లని వరుసలో ఎక్కించే సర్వర్) ఆగిపోతే కాసేపు ఏదీ నడవదు, 2023 డిసెంబర్ 15న గంటకు పైగా అలాగే ఆగింది. అందుకే 1.03 లాంటి అంకెతో కూర్చుని, పడితే అప్పుడు కడదాంలే అనుకునే ప్లాన్ ప్లానే కాదు. కట్టాలనుకున్న సమయానికి చెయిన్ ఉండాలి, గ్యాస్ ఉండాలి, నువ్వు మెలకువగా ఉండాలి.

మోడరేటర్

ఈ మధ్యలో వచ్చిన ఒక రిప్లై తీసేశాం, ఆ అకౌంట్‌ని బ్లాక్ చేశాం. ఇరుక్కున్న కొలేటరల్ విడిపిస్తాం, డీఎం చేయండి, వాలెట్ సింక్ చేసుకోండి అని ఎవరు రాసినా దొంగలే. వాలెట్‌కి తాళంచెవి లాంటి పన్నెండు పదాల సీడ్ ఫ్రేజ్ ఎవరు అడిగినా ఇక్కడ రిపోర్ట్ కొట్టండి.

కొలిమి

అప్రూవ్ డౌట్‌కి ఎవరూ జవాబివ్వలేదు, అది మంచి ప్రశ్న.

నువ్వు సప్లై చేసినప్పుడు నీ వాలెట్‌లోకి ఏటోకెన్లు వచ్చాయి, నీ పొజిషన్ అంటే అవే. వాటిని కాల్చేస్తే అసలు ఈథర్ వస్తుంది. ఇక్కడ చిక్కేంటంటే ఆవే పూల్‌కి మామూలు ఈథర్ తెలియదు, టోకెన్ రూపంలో ఉండే డబ్ల్యూఈథర్ మాత్రమే తెలుసు. నువ్వు డబ్ల్యూఈథర్‌గానే తీస్తే అప్రూవ్ అడగదు, పూల్ నేరుగా నీ ఏటోకెన్లు కాల్చి ఇచ్చేస్తుంది. మామూలు ఈథర్‌గా కావాలంటే మధ్యలో గేట్‌వే అనే ఒక చిన్న కాంట్రాక్ట్ నీ ఏటోకెన్లు తీసుకుని, విత్‌డ్రా చేసి, డబ్ల్యూఈథర్‌ని ఈథర్‌గా విప్పి నీకు పంపుతుంది. ఆ గేట్‌వే నీ ఏటోకెన్లు ముట్టుకోవడానికే అనుమతి అడుగుతోంది. కాబట్టి అడగడంలో మోసం లేదు, కానీ ఎవరికి ఇస్తున్నావన్నది మెటామాస్క్‌లో స్పెండర్ (అనుమతి పొందేవాడి) అడ్రస్ దగ్గర చూడు, దాన్ని ఆర్బిస్కాన్‌లో (ఆర్బిట్రమ్ లావాదేవీలు చూపించే సైట్‌లో) పెట్టి అది ఆవే గేట్‌వే అవునో కాదో చూసుకో. ఎంతకి అనుమతి అనే చోట అన్‌లిమిటెడ్ ఉంటే మార్చి 0.5 అని నీకు కావాల్సినంతే పెట్టు.

డౌట్ ఎక్కువగా ఉంటే డబ్ల్యూఈథర్‌గా తీసుకో. స్వాప్ చేయడానికి అదే సరిపోతుంది, విప్పుకోవడం తర్వాత ఎప్పుడైనా చేసుకోవచ్చు.

పని అయిపోయాక పాత అప్రూవల్స్ అన్నీ రద్దు చెయ్యి. డబ్బు తీసేశాం కదా ఇంకేముంది అనుకుంటారు. 2024 అక్టోబర్‌లో రేడియంట్ క్యాపిటల్ మీద దాడి జరిగింది గుర్తుందా, అది కూడా ఆర్బిట్రమ్‌లో నడిచే లెండింగ్ మార్కెట్టే. డెవలపర్ల మెషీన్లు హ్యాక్ చేసి కాంట్రాక్ట్‌లని చేజిక్కించుకున్నారు, 50 మిలియన్ డాలర్లకు పైగా పోయింది. పూల్‌లో ఉన్నదే కాదు, ఎప్పుడో అన్‌లిమిటెడ్ అప్రూవ్ ఇచ్చి వదిలేసినవాళ్ల వాలెట్లలోంచి కూడా లాగారు. అందులో డిపాజిట్ ఒక్క పైసా లేకపోయినా పాత అనుమతి బతికి ఉంటే చాలు. ఆర్బిస్కాన్‌లోనే టోకెన్ అప్రూవల్స్ చూసే పేజీ ఉంది, రివోక్.క్యాష్ కూడా వాడొచ్చు.

ఇంకా సైట్ సంగతి. గూగుల్‌లో ఆవే అని వెతికి పైన వచ్చిన యాడ్ నొక్కొద్దు, బుక్‌మార్క్‌లోంచే వెళ్లు. నిజమైన డొమైన్ కూడా దొంగల చేతికి పోవచ్చు, 2024 జూలైలో కాంపౌండ్ ఫైనాన్స్ వెబ్‌సైట్ డొమైన్ హైజాక్ అయి వచ్చినవాళ్లని ఫిషింగ్ పేజీకి పంపింది, కాంట్రాక్ట్‌లకి మాత్రం ఏమీ కాలేదు. కాబట్టి బుక్‌మార్క్ నుంచి వెళ్లినా విత్‌డ్రా నొక్కితే పర్మిట్ అనో, ఇంకేదో అర్థం కాని సంతకం అనో అడిగితే, స్పెండర్ గుర్తుపట్టలేకపోతే, రిజెక్ట్ కొట్టి ఆ రోజుకి వదిలెయ్. పొజిషన్ చెయిన్ మీద ఉంటుంది, వెబ్‌సైట్‌లో కాదు, ఒక పూట ఆగినంత మాత్రాన నీ 2.07 ఎక్కడికీ పోదు.

పద్దుల_పద్మ

నేను సీఏని, క్రిప్టో క్లయింట్లు ఉన్నారు కాబట్టి పన్ను వైపు చెప్తాను. మీరు భారత్‌లో రెసిడెంట్ అనుకుంటున్నాను.

విడతల పద్ధతి అయినా, ఆ ఒక్క బటన్ అయినా, ఈథర్‌ని యూఎస్‌డీసీలోకి మార్చిన క్షణం అది బదిలీ, అంటే అమ్మకం. రూపాయలు చేతికి రాలేదు కదా, అప్పు కట్టడానికే వాడాను కదా అంటే కుదరదు. 2022 ఏప్రిల్ 1 నుంచి వర్చువల్ డిజిటల్ ఆస్తుల లాభం మీద సూటిగా 30% పన్ను, దాని మీద 4% సెస్. ఉదాహరణకి మీరు ఈథర్ ఒక్కోటి 1,50,000కి కొన్నారనుకోండి, ఇప్పుడు 2,60,000 ఉందనుకోండి. 0.8 ఈథర్ మారిస్తే లాభం 88,000, పన్ను 26,400, సెస్‌తో కలిపి 27,456. ఇంటి అవసరానికి ఎంత మిగులుతుందో లెక్కేసుకునేటప్పుడు ఈ మొత్తం పక్కన పెట్టుకోండి, చాలామంది రిటర్న్ వేసేటప్పుడు నాకు ఫోన్ చేసి అప్పుడు ఉలిక్కిపడతారు.

కొన్న ధర తప్ప ఇంకేదీ తీసివేయడానికి లేదు. గ్యాస్ ఫీజు, ఆవేకి కట్టిన వడ్డీ, ఫ్లాష్ లోన్ ఫీజు ఏవీ చెల్లవు. ఒక టోకెన్‌లో వచ్చిన నష్టాన్ని ఇంకో దాని లాభంతో సర్దుకోలేరు, వచ్చే ఏడాదికి తీసుకెళ్లలేరు. కాబట్టి ఏ 0.5 ఎప్పుడు ఎంతకి కొన్నదో పాత స్టేట్‌మెంట్లు తీసి రాసుకోండి.

తాకట్టు పెట్టి ఏటోకెన్ తీసుకోవడం, దాన్ని ఇచ్చి ఈథర్ వెనక్కి తీసుకోవడం కూడా బదిలీయేనా అన్న దగ్గర సీఏలందరిదీ ఒక మాట కాదు. నేనైతే మీ 2 ఈథరే మీకు తిరిగి వస్తున్నాయి కాబట్టి కాదనే వైపు ఉంటాను, కానీ ట్రాన్సాక్షన్ హ్యాష్‌లు దాచుకోమంటాను.

అప్పు తీసుకున్న యూఎస్‌డీసీని రూపాయల్లోకి మార్చానన్నారు. మన ఎక్స్చేంజ్‌లో మార్చి ఉంటే 1% టీడీఎస్ కట్ అయి ఉంటుంది, 26ఏఎస్‌లో (మీ పేరున కట్ అయిన టీడీఎస్ చూపించే పన్ను స్టేట్‌మెంట్‌లో) చూసుకోండి. అది అక్కడ ఉండి మీ రిటర్న్‌లో షెడ్యూల్ వీడీఏ (వర్చువల్ డిజిటల్ ఆస్తుల పట్టిక) ఖాళీగా ఉంటే నోటీసు రావడానికి వేరే కారణం అక్కర్లేదు. ఐటీఆర్ 1లో ఇది చూపించలేరు, 2 లేదా 3 వేయాలి.

ఇప్పుడు తీసిన ఈథర్‌ని అమ్మేటప్పుడు మాత్రం రేటు రెండు రూపాయలు ఎక్కువ వస్తుందని టెలిగ్రామ్‌లో ఎవరో తెలియనివాళ్లకి పీ2పీలో (ఎక్స్చేంజ్ లేకుండా నేరుగా) ఇవ్వకండి. వాళ్లు పంపింది ఏ సైబర్ మోసం డబ్బో అయితే ఎక్కడో వేరే రాష్ట్రం పోలీసుల లెటర్‌తో మీ శాలరీ అకౌంట్ ఫ్రీజ్ అవుతుంది. ఎఫ్ఐయూలో (కేంద్ర ఆర్థిక నిఘా విభాగంలో) రిజిస్టర్ అయిన ఎక్స్చేంజ్‌లోనే అమ్మండి, టీడీఎస్ పోయినా పన్నులో సర్దుకుంటుంది.

లంకెబిందె_88

అందరికీ చాలా థాంక్స్, పద్మ గారికి ప్రత్యేకంగా, పన్ను సంగతి నా లెక్కలోనే లేదు. ఆ లెక్కన మొత్తం ఇప్పుడే తీర్చాలా, సగం అప్పు ఉంచి కొంచెమే మార్చాలా అని ఆలోచిస్తున్నాను. 1200 కడితే, 1 ఈథర్ తీసినా అంకె మళ్లీ 2.07కే వస్తోంది కదా, లెక్క వేసి చూశాను.

ఇంకో రెండు డౌట్లు. ఒకవేళ మొత్తం తీర్చేస్తే 2400 అని టైప్ చేసి కట్టాలా, వడ్డీ ఎంతయిందో ఎలా తెలుస్తుంది? ఎక్స్చేంజ్‌కి పంపేటప్పుడు ఆవేలోంచి నేరుగా పంపొచ్చా?

చిల్లరకొట్టు

లెక్క కరెక్టే. 1200కి 0.4 ఈథర్ మారిస్తే చాలు, పన్ను దాదాపు సగానికి వస్తుంది. కాకపోతే అప్పుడు తీసిన 1లోంచే ఈ 0.4 పోతుంది, చేతికి 0.6 మిగులుతుంది, ఇంట్లో అవసరం ఎంతో దాన్ని బట్టి చూసుకోండి. మిగిలేది 1 ఈథర్, 1200 అప్పు, కొలిమి చెప్పిన ఆ 2000 లోపు రూల్ కిందికి మీరు వచ్చేస్తారు, కాబట్టి 2.07ని 1.5 దాకా కూడా జారనివ్వకండి. ధర 2170 దగ్గరకి వస్తే అంకె 1.5 అవుతుంది, అక్కడ ఒక అలర్ట్ పెట్టుకోండి.

మొత్తం తీర్చేటట్టయితే అంకె టైప్ చేయొద్దు. విత్‌డ్రా దగ్గర మ్యాక్స్ వద్దన్నాం గానీ రీపే దగ్గర మ్యాక్సే నొక్కాలి. మీరు టైప్ చేసిన క్షణానికీ ట్రాన్సాక్షన్ ఎక్కే క్షణానికీ మధ్యలో వడ్డీ ఇంకొంచెం పెరుగుతుంది, 2400 అని కొడితే అప్పు కింద పైసల్లో తోక మిగిలిపోతుంది, ఆ తోక ఉన్నంతకాలం తాకట్టు పూర్తిగా రాదు. మ్యాక్స్ నొక్కితే ఆ క్షణానికి ఎంతుంటే అంత తీసుకుంటుంది. వాలెట్‌లో అప్పు కంటే రెండు మూడు యూఎస్‌డీసీ ఎక్కువ ఉండాలి, లేకపోతే మ్యాక్స్ అంటే మీ బ్యాలెన్స్ వరకే అవుతుంది. డ్యాష్‌బోర్డ్‌లో అప్పు వైపు ఖాళీ అయ్యాక, అప్పుడు విత్‌డ్రా మ్యాక్స్ ధైర్యంగా నొక్కండి.

యూఎస్‌డీసీ స్వాప్ చేసేటప్పుడు ఏ యూఎస్‌డీసీ అప్పు ఉందో చూసుకోండి. ఆర్బిట్రమ్‌లో రెండు ఉన్నాయి, యూఎస్‌డీసీ జారీ చేసే సర్కిల్ కంపెనీ నేరుగా ఇచ్చేది ఒకటి, బ్రిడ్జ్ (ఒక చెయిన్ నుంచి ఇంకో చెయిన్‌కి దాటించే దారి) మీదుగా వచ్చిన పాత యూఎస్‌డీసీ.ఈ ఒకటి. ఒకదాని అప్పుకి ఇంకోటి కట్టలేరు, మళ్లీ స్వాప్ చేయాల్సి వస్తుంది, పద్మ గారి లెక్కలో అది ఇంకో బదిలీ.

ఎక్స్చేంజ్‌కి నేరుగా వద్దు. ముందు మీ వాలెట్‌లోకి తీసుకోండి, అది ఏటోకెన్ కాకుండా మామూలు ఈథరేనని చూసుకోండి. ఏటోకెన్‌ని ఎక్స్చేంజ్ డిపాజిట్ అడ్రస్‌కి పంపితే వాళ్ల సిస్టమ్‌కి అది కనిపించదు, తిరిగి తెచ్చుకోవడం వాళ్ల దయ. మీ ఎక్స్చేంజ్ ఆర్బిట్రమ్ మీద ఈథర్ డిపాజిట్ తీసుకుంటుందో లేదో డిపాజిట్ పేజీలో నెట్‌వర్క్ లిస్ట్ చూడండి, ఈథీరియమ్ మాత్రమే ఉంటే ముందు బ్రిడ్జ్ చేయాలి. ఉంటే 0.01 పంపి, అది అక్కడ క్రెడిట్ అయ్యాక మిగతాది పంపండి. ఆర్బిట్రమ్ వాలెట్‌లో ఐదారు డాలర్ల ఈథర్ వదిలేయండి, అప్రూవల్స్ రద్దు చేయడానికి గ్యాస్ కావాలి కదా.